తాలు రాశిలో పోసిన పేరు

మా ఊరికి ఎవరు కారులో వచ్చినా జనం ముందుగా చూసేది కారు ముక్కు మీది బిళ్ళను. దిగిన మనిషిని చూడడం ఆ తరువాత. కుర్చీ వేయాలా, మంచం వాల్చాలా, వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడి పంపాలా అన్నది ఆ బిళ్ళను బట్టే తేలిపోతుంది. ఇది మా కొత్తపట్నానికి మాత్రమే పట్టిన జబ్బు కాదు. మీ ఊళ్ళోనూ ఇంతేనని నాకు తెలుసు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఒక బ్లాగ్మిత్రుడు సముద్రం చూడడానికి మా ఊరు వచ్చాడు. కూడలి రోజుల నాటి పరిచయం. ఏళ్ళ తరబడి వ్యాఖ్యల్లో పోట్లాడుకున్న తరువాత ఇన్నాళ్ళకు మొహాలు చూసుకున్నాం. వాకిట్లో సరుగుడు చెట్టు కింద ఉన్న నా కారు దగ్గర ఆగి, "ఇంకా ఈ డాట్సన్‌నే తోలుతున్నారా మాస్టారూ? చచ్చిపోయిన కంపెనీ కదండీ! చవగ్గా వస్తోందని కొంటే అంతే మరి" అన్నాడు. అతిథి కనుక ఆ పూట మజ్జిగ ఇచ్చి ఊరుకున్నాను. ఈ పూట ఊరుకోదలచలేదు.

ఆయన అన్న మాటలో రెండు పొరపాట్లున్నాయి. చచ్చిపోయింది కంపెనీ కాదు, పేరు. ఆ పేరు పెట్టిన నిస్సాన్ సంస్థ నిక్షేపంగా ఉంది, ఈ దేశంలో ఇంకా కార్లు అమ్ముకుంటోంది. ఇది మొదటి పొరపాటు, చిన్నది. రెండవది పెద్దది: చవక వస్తువు కొన్నవాడికి జరిగేదంతా వాడి చేతి పాపమేననే నమ్మకం. ఈ నమ్మకం మనలో చాలామందికి ఉంది. కొన్నవాళ్ళకు కూడా ఉంది. నా వాదన దాని మీదే.

ముందు నా కారు సంగతి చెప్పి, ఆ తరువాత యుద్ధానికి దిగుతాను.

నాది డాట్సన్ గో. 2014 మార్చిలో విడుదలైంది. అప్పటి ఢిల్లీ షోరూం ధర 3.12 లక్షల నుంచి మొదలు. ఆ ఏడే వేసవి ముగుస్తుండగా నేను కొన్నాను. ఇరవై ఏళ్ళు స్కూటరు తోలిన బడిపంతులుకు, తల్లి మోకాళ్ళు పూర్తిగా మొరాయించాక, అప్పు చేయకుండా అందిన కారు అది. 1.2 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజను. నిలబడి ఉన్నప్పుడు కాస్త వణుకుతుంది, పరుగు అందుకున్నాక సర్దుకుంటుంది. లీటరుకు ఇరవై కిలోమీటర్లు దాటుతుందని అధికారిక లెక్క. నా బరువైన కాలికి, మా ఇసుక దారులకు పదిహేడు పద్దెనిమిది వచ్చేవి. నేల నుంచి ఎత్తు బాగానే ఉండడం వల్ల పల్లెపాలెం దారుల్లో అడుగు తగిలేది కాదు.

విచిత్రాలూ ఉన్నాయి. గేరు కడ్డీ నేలలోంచి కాకుండా ముందు పలకలోంచి పొడుచుకు వస్తుంది. చేతి బ్రేకు ఆ పలక కింద ఎక్కడో ఉంటుంది, గొడుగు పిడి లాగినట్టు లాగాలి. పాటల పెట్టె లేదు, ఫోను తగిలించుకోవడానికి ఒక పట్టు ఉంది. ముందు సీట్లు రెంటికీ మధ్య సందు లేకుండా కలిపి కుట్టారు. ఆ నడిమి జాగాలో అమ్మ తన మందుల సంచీ, మరచెంబు పెట్టుకునేది. "గుళ్ళో అరుగులాగా ఉందిరా" అని మురిసిపోయింది. కొన్నవాళ్ళు ఏం చూసుకుంటారో గీసినవాళ్ళకు ఎప్పుడూ పూర్తిగా తెలియదనుకుంటాను.

మా ఊళ్ళో ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదు. కిటికీ ఊచలు, సైకిలు గొలుసు, ఐదేళ్ళు దాటిన ఏ కారు తలుపు అంచైనా దానికి ఒకటే. నా కారుకూ అదే గతి పట్టింది, అది సముద్రం తప్పు. పదేళ్ళకు పైగా ఒంగోలుకు, చీరాలకు, గుంటూరుకు తిరిగాను. ఒక్కసారి కూడా నన్ను నడిరోడ్డు మీద దింపేయలేదు. అమ్మ ఆఖరి నాలుగేళ్ళు ఆసుపత్రులకు ఆ అరుగు మీద కూర్చునే వెళ్ళింది. నా కారు మీద నాకు ఫిర్యాదు లేదు. ఉన్న ఫిర్యాదు ఆ కారుకు ఆ పేరు పెట్టిన ఆలోచన మీద.

ఆ పేరుకు నూరేళ్ళ పైబడిన కథ ఉంది. 1911లో హషిమోతో మసుజిరో అనే ఇంజనీరు టోక్యోలో ఒక చిన్న మోటారు కర్మాగారం పెట్టాడు. 1914లో తయారైన కారుకు డబ్బు పెట్టిన ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలు కలిపి డాట్ అన్నారు: డెన్, అఓయామ, టకెయుచి. 1931లో దానికంటే చిన్న కారు పుట్టింది. డాట్‌కు కొడుకు కనుక, ఇంగ్లీషు మాట తగిలించి, కొడుకు అనే అర్థం వచ్చేట్టు డాట్‌సన్ అన్నారు. తీరా ఆ 'సన్' అక్షరాలను జపానువారు తమ పద్ధతిలో పలికితే వారి భాషలో నష్టం అనే మాట వినిపిస్తుంది. అపశకునమని ఒక అక్షరం మార్చారు. కొడుకు పోయి, ఇంగ్లీషు సూర్యుడు వచ్చి కూర్చున్నాడు. 1933లో ఆ చిన్న కారు అయుకావా యోషిసుకె చేతికి వచ్చింది, 1934లో ఆయన సంస్థకు నిస్సాన్ అని పేరు స్థిరపడింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ కారు పుట్టుకే చిన్నవాడి కోసం జరిగింది. అప్పటి జపానులో 500 సీసీ లోపు ఇంజను ఉన్న బండి తోలడానికి లైసెన్సు అక్కర్లేదనే నియమం ఉండేది. మొదటి డాట్సన్ ఆ గీతకు కొంచెం ఇవతల ఆగేట్టు, 495 సీసీతో తయారైంది. చిన్నవాడి కారని చెప్పుకోవడానికి దానికి నామోషీ లేదు. 1958లో అమెరికా వెళ్ళింది. అక్కడి పెద్ద పెద్ద కార్ల మధ్య ముందు నవ్వులపాలైంది, తరువాత నిలదొక్కుకుంది. జపానులో ఫెయిర్‌లేడీ అని పిలిచిన ఆటకారును అమెరికాలో అమ్మవలసి వచ్చినప్పుడు, అక్కడి వ్యవహారాలు చూసే కటయామా యుటాకా ఆ పేరు వద్దని 240జెడ్ అని బిళ్ళ వేయించాడు. 1970ల్లో అది అమెరికా కుర్రకారు కలల్లోకి వచ్చిన కారు. దాని మీద ఉన్న ఇంటిపేరు డాట్సన్.

అంత సంపాదించిన పేరును 1981లో సంస్థే వద్దనుకుంది. ప్రపంచమంతటా ఒకే పేరుండాలని డాట్సన్‌ను తీసి నిస్సాన్‌ను పెట్టడం మొదలుపెట్టి, 1986 నాటికి ఆ పని పూర్తిచేసింది. తమ పేరు తాము మార్చుకున్నారు, అది వారి ఇష్టం. దాన్ని నేను తప్పుపట్టను.

సరిగ్గా ఆ కాలంలోనే నిస్సాన్ మన తెలుగునేలకు వచ్చింది. నేటి కుర్రవాళ్ళకు తెలియకపోవచ్చు. ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు చేసిన మన హైదరాబాద్ అల్విన్, అప్పటి రాష్ట్ర ప్రభుత్వ సంస్థ, నిస్సాన్‌తో పొత్తు పెట్టుకుని జహీరాబాదులో చిన్న లారీలు తయారుచేసింది. అప్పుడు జపాను పొత్తుతో వచ్చిన చిన్న లారీలు నాలుగు రకాలు: టయోటా డీసీఎంతో, మిత్సుబిషి ఐషర్‌తో, మజ్దా స్వరాజ్‌తో, నిస్సాన్ మన అల్విన్‌తో. పర్చూరు దగ్గర మిరప వేసే మా మేనమామ టిక్కీలు గుంటూరు యార్డుకు తోలడానికి అల్విన్ నిస్సాన్ మాట్లాడేవాడు. టిక్కీల మీద కూర్చుని, మిరప కోరుకు తుమ్ముకుంటూ, చిలకలూరిపేట మీదుగా నేనూ ఒకసారి వెళ్ళాను. 1980ల చివర్లో ఆ లారీల సంస్థ మహీంద్రా చేతికి వెళ్ళింది. జహీరాబాదులో ఇప్పటికీ మహీంద్రా కర్మాగారం నడుస్తోంది.

ఆ లారీ మహా సౌకర్యంగా ఉండేదని చెప్పను. కానీ దాని నుదుటి మీద అల్విన్ పక్కనే నిస్సాన్ అని రాసి ఉండేది. మిరప బస్తాలు మోసే బండి మీద తన పేరు రాసుకోవడానికి ఆనాటి నిస్సాన్ సిగ్గుపడలేదు.

మరి 2012లో ఏమైంది? ఆ మార్చిలో సంస్థ అధినేత కార్లోస్ గోన్ ఇండోనేషియాలో ఒక ప్రకటన చేశాడు. పాతికేళ్ళ క్రితం పాతిపెట్టిన డాట్సన్ పేరును మళ్ళీ లేపుతున్నామన్నాడు. ఎవరి కోసం? ఇండియా, ఇండోనేషియా, రష్యాల్లో మొదటిసారి కారు కొనేవాళ్ళ కోసం. తరువాత దక్షిణాఫ్రికాను కూడా చేర్చారు. 2013 జూలైలో ఢిల్లీలో గోను ఆవిష్కరించారు. తయారీ మదరాసు అవతల ఒరగడంలో, రెనో, నిస్సాన్ ఉమ్మడి కర్మాగారంలో. ఇంజను నిస్సాన్ మైక్రా కుటుంబానిది. చట్రం ఆ కుటుంబానిదే. అమ్మే షోరూము కూడా నిస్సాన్‌దే. ఒకే కప్పు కింద, ఒకే గచ్చు మీద, రెండు పేర్లు.

మిరప నేలవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. కల్లంలో కాయ ఆరబోసిన తరువాత కూలి ఆడవాళ్ళు వరుసగా కూర్చుని తాలు ఏరుతారు. రంగు పోయి తెల్లబారిన కాయ తాలు. దాన్ని వేరే రాశి పోస్తారు, వేరే గోతాల్లో తొక్కుతారు, యార్డులో వేరే ధరకు పోతుంది. ఎందుకు ఏరతారు? తాలును కొనేవాడి మీద ప్రేమతో కాదు. మేలు రాశి ధర తగ్గకుండా ఉండడానికి.

నిస్సాన్ చేసింది అదే. 'ఎదుగుతున్న' దేశాల కొత్త కొనుగోలుదారుల కోసం ప్రత్యేకమైన పేరు అని గొప్పగా చెప్పినా, అందులోని వ్యాపార సూత్రం ఒక్కటే: చవక కారు మీద మా అసలు పేరు ఉండకూడదు. దాని నింద, దాని నలుపు మేలు రాశికి అంటకూడదు. మా మేనమామ ఏరింది కాయల్ని. వీరు ఏరింది కొనేవాళ్ళని.

ఆ ఏరివేత ఎందుకు అవసరపడిందో 2014 నవంబరులో తెలిసింది. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ గోను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా గుద్ది చూసింది. పెద్దవాళ్ళ రక్షణకు వచ్చిన చుక్కలు: సున్నా. గాలిసంచులు లేకపోవడం ఒక్కటే కారణమైతే పోనీ అనుకోవచ్చు. కారు డొక్కే నిలవలేదని, అంత బలహీనమైన డొక్కలో గాలిసంచి పెట్టినా ప్రయోజనం ఉండదని ఆ సంస్థ తేల్చింది. దాని అధ్యక్షుడు మాక్స్ మోస్లీ ఈ కారును అమ్మకం నుంచి తీసివేయమని గోన్‌కు ఉత్తరం రాశాడు. నిస్సాన్ జవాబు క్లుప్తం: ఈ కారు భారతదేశపు నియమాలకు లోబడే ఉంది.

నిజమే, లోబడే ఉంది. అప్పటికి మన దేశంలో అటువంటి పరీక్ష నెగ్గాలనే నియమమే లేదు. కొత్త మోడళ్ళకు 2017 అక్టోబరు నుంచి, అన్ని కార్లకూ 2019 అక్టోబరు నుంచి వచ్చింది. తోలేవాడి ముందు గాలిసంచి 2019 జూలైలో తప్పనిసరి అయింది, పక్కవాడి ముందు 2022 జనవరికి గాని అన్ని కార్లకూ కాలేదు. మన సొంత చుక్కల పరీక్ష, భారత్ ఎన్‌క్యాప్, 2023 అక్టోబరులో మొదలైంది. లేని నియమానికి లోబడి ఉన్నామని చెప్పుకోవడం, పరీక్ష పెట్టని బళ్ళో మొదటి మార్కు తెచ్చుకున్నానని చెప్పుకోవడం వంటిది. నేను ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. ఆ ఎత్తు నాకు బాగా తెలుసు.

ఆ వార్త వచ్చిననాటికి నా కారు వయసు ఆరు నెలలు కూడా లేదు. ఆ వారంలోనే అమ్మను గుంటూరు ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసి వచ్చింది. ఒంగోలు దాటి పెద్ద రోడ్డెక్కాక నా పక్కన ఆ అరుగు మీద ఆమె కునికిపాట్లు పడుతోంది. కుడివైపు నుంచి పొగాకు లారీలు, కంటైనర్లు దాటిపోతున్నాయి. ముందున్న పలక వంకా, ఆమె మోకాళ్ళ వంకా చూస్తూ నూరు కిలోమీటర్లకు పైగా తోలాను. ఏమీ కాలేదు. ఆ తరువాత కూడా ఎన్నడూ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి అమ్మ పక్కన కూర్చుంటే నేను అరవై దాటలేదు. "స్కూటరే నయంరా, ఇంతకంటే తొందరగా పోయేది" అనేది.

"మూడు లక్షలకు ఇంకేం వస్తుందండీ?" అంటారు. ఇదే మా మిత్రుడి వాదం కూడా. దీనికి జవాబు నేను చెప్పనక్కర్లేదు, ఆ సంస్థే చెప్పింది. 2018లో అదే గోను దిద్ది, రెండు గాలిసంచులూ, చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే బ్రేకులూ అన్ని రకాల్లోనూ పెట్టి విడుదల చేసింది. అంటే చేయరానిది కాదు, 2014లో చేయదలచుకోలేదు. నియమాలు దగ్గరపడేసరికి చేశారు. ధర తక్కువైనప్పుడు ముందుగా కోసేది పాటల పెట్టెనా, ప్రాణరక్షణనా అన్నది డబ్బు తేల్చే విషయం కాదు. ఎవరి కోసం చేస్తున్నామనే లెక్క దాన్ని తేలుస్తుంది. నాకు రెండూ కోశారు. మొదటిది కోసినందుకు నేను నోరెత్తను.

ఇక పేరు విడదీయడం వల్ల వ్యాపారమైనా బాగుపడిందా? లేదు. దీనికి నాకు దొరికిన సాక్ష్యాన్ని మించింది ఉండదు. 2015 సెప్టెంబరులో రెనో సంస్థ క్విడ్ అనే చిన్న కారు తెచ్చింది, రెండున్నర లక్షల పైచిలుకు ధరకు. 2016 జూన్‌లో డాట్సన్ రెడీ-గో వచ్చింది, 2.4 లక్షల లోపు ధరకు. రెంటికీ ఎముకలగూడు ఒకటే. 0.8 లీటర్ల ఇంజను ఒకటే. పుట్టింది ఒకే ఒరగడంలో. రెడీ-గో ఇంకా చవక కూడా. కానీ క్విడ్ మీద రెనో తన సొంత పేరు రాసుకుంది, పెద్ద కార్ల మీద రాసుకునే పేరే. క్విడ్ 2021 నాటికి నాలుగు లక్షలు దాటింది. రెడీ-గో దాని దరిదాపులకు రాలేదు. భద్రతలో క్విడ్ ఏదో మేలని కాదు. 2016 పరీక్షలో దానికీ మొదట సున్నాయే. ఒకే కాయ, రెండు రాశులు. తాలు రాశిలో పోసినదాన్ని జనం తాలు అనే అనుకున్నారు. పోసినవాడే అలా చెప్పాడు కదా!

టాటా నానో కథ మన కళ్ళ ముందే జరిగింది. 2009లో ప్రపంచంలోకెల్లా చవకైన కారని ఊరేగించారు, 2018లో ఆగిపోయింది. చవక అనే మాటను దాని నుదుట రాయడం పొరపాటని తరువాత రతన్ టాటాయే ఒప్పుకున్నాడు. మనిషి కారు కొనేది బీదవాడిగా కనపడడానికి కాదు. ఈ చిన్న సత్యం పెద్ద చదువులు చదివినవారికి కోట్లు పోగొట్టుకున్నాక గాని అందలేదు.

ఇప్పుడు మీరు వేయబోయే ప్రశ్నలు నాకు తెలుసు. నేనే వేసుకుంటాను.

మొదటిది: టయోటా తన ఖరీదైన కార్లకు లెక్సస్ అని వేరే పేరు పెట్టుకోలేదా? పెట్టుకుంది. కానీ ఆ వేరు చేయడం పైకి. దానివల్ల మామూలు టయోటా కొన్నవాడికి పోయిందేమీ లేదు. సంస్థ సొంత పేరు వాడి కారు మీదే ఉంది. కిందికి వేరు చేసినప్పుడే మనిషి చిన్నబోతాడు, సంస్థ చేతులు కడుక్కోవడానికి వీలవుతుంది.

రెండవది: రెనోవారిదే డాసియా ఉంది కదా, ఐరోపాలో అది చవక పేరే, బ్రహ్మాండంగా నడుస్తోంది కదా? ఇది గట్టి ప్రశ్న. డాసియా రుమేనియా దేశపు సొంత పేరు. 1999లో రెనో దాన్ని కొంది, 2004లో లోగన్ తెచ్చింది, అప్పటినుంచి ఏళ్ళ తరబడి కొత్త కార్లు ఇస్తూనే వచ్చింది. వేరే పేరు పెట్టినా దానికి కాపురం ఏర్పాటు చేశారు. డాట్సన్‌కు పెట్టింది కాపురం కాదు, డేరా. ఇండోనేషియాలో, రష్యాలో 2020లోనే ఎత్తేశారు. మన దేశంలో 2022 ఏప్రిల్‌లో ఆఖరి రెడీ-గో కూడా ఆగిపోయింది. ఎనిమిదేళ్ళు. మా ఊళ్ళో సరుగుడు తోట రెండు కోతలకు వచ్చేంత కాలం. సర్వీసు, విడిభాగాలు నిస్సాన్ షోరూముల ద్వారా అందుతూనే ఉంటాయని ప్రకటించారు. మంచిదే. కానీ గమనించండి: మరమ్మతుకు పనికివచ్చిన పేరు, పుట్టినప్పుడు పెట్టడానికి పనికిరాలేదు.

మూడవది: సుజుకీ మాటేమిటి? 1982లో మారుతితో పొత్తు కలిపింది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు కొనుగోలుదారుకు ఇచ్చింది. 2014 జనవరిలో ఆ కారు తయారీ ఆపేశారు. గో మార్కెట్లోకి వచ్చింది ఆ మార్చిలోనే. కాలం ఎంత చక్కగా కుర్చీ ఖాళీ చేసి ఇచ్చిందో చూడండి! సుజుకీ పుణ్యాత్మురాలని నేను అనను. ఆ ఏడు పరీక్షల్లో ఆల్టో 800కు సున్నాయే, గాలిసంచులు లేని స్విఫ్ట్‌కు సున్నాయే. 2015లో ఖరీదైన కార్లకు వేరే షోరూములు కూడా తెరిచింది. అయితే బిళ్ళ మార్చలేదు. ఆల్టో కొన్న మా ఊరి కరణంగారబ్బాయికీ, అంతకు నాలుగింతలు పెట్టి కొన్న ఒంగోలు వకీలుగారికీ ఇంటిపేరు ఒకటే. చిన్న కారుకు అప్రతిష్ఠ వస్తే పెద్ద కారుకూ అంటుతుంది. అందుకని చిన్న కారును దిద్దక తప్పదు, వదిలిపోవడం అంత సులువు కాదు. పేరు ఒకటే కావడంలో ఉన్న రక్షణ అది. ఉక్కుతో చేసింది కాదు గాని, గట్టిదే.

నా వాదన ఇంతే. బీదవాడికి చవక కారు చేయండి, సంతోషం. పాటలు తీసేయండి, రంగులు తీసేయండి, సీట్లు కలిపి కుట్టండి. కానీ మీ పేరుతో చేయండి. సొంత పేరు రాయడానికి సిగ్గేసే వస్తువును మాకు అమ్మకండి.

ఇక్కడితో ముగిస్తే టపా అందంగా ఉండేది. కానీ ఆ మిత్రుడు వెళ్ళిన నెలకు జరిగిన సంగతి ఒకటి ఉంది. అది చెప్పకపోతే నిజాయితీ కాదు.

కళ్ళు మసకబారుతున్నాయని కారు అమ్మేద్దామనుకున్నాను. ఒంగోలు నుంచి వచ్చిన బేరగాడు చుట్టూ తిరిగి, బిళ్ళ మీద వేలితో కొట్టి, "కంపెనీ లేదుగదండీ" అని ఒక ధర చెప్పాడు. ఆ అంకె ఇక్కడ రాయడానికి నాకు మొహం చెల్లదు. అది విని మా వీధి చివర చేపల వ్యాపారం చేసే కుర్రవాడు సాయంత్రం ఇంటికి వచ్చాడు. నా దగ్గర చదువుకున్నవాడే.

"ఆ రేటుకేదో నాకియ్యండి మాస్టారూ."

నేను పైన రాసినదంతా వాడికి చెప్పాను. పరీక్ష, సున్నా, గాలిసంచులు లేకపోవడం, డొక్క సంగతి. "చిన్న పిల్లలున్నవాడివి. తెలిసి తెలిసి నీకెట్లా ఇవ్వనయ్యా?" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, వినయంగానే అడిగాడు: "ఇప్పుడు నేను, మా ఆడమనిషి, ఇద్దరు పిల్లలు మోపెడ్ మీద ఒంగోలు పోతన్నాం మాస్టారూ. దానికెన్ని చుక్కలిచ్చారంట?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఇది అచ్చంగా సంస్థల పెద్దలు చెప్పే వాదమే: రెండు చక్రాల మీద నలుగురు పోయేవాడికి నాలుగు చక్రాలిచ్చాం, ఇంకేం కావాలి? వాళ్ళ నోట వినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. వాడి నోట వింటే తల వంగింది. తేడా ఎక్కడుందో రాత్రంతా ఆలోచించాను. వాడు తన ప్రాణాన్ని తాను తూకం వేసుకుని, ఉన్నవాటిలో మేలైనది ఎంచుకుంటున్నాడు. ఆ హక్కు వాడిది. సంస్థ వాడి ప్రాణాన్ని వాడి లేమితో తూకం వేసి, ఇంతకు మించి అక్కర్లేదని తేల్చింది. ఆ హక్కు దానికి ఎవరూ ఇవ్వలేదు. మాట ఒకటే అయినా, చెప్పే నోటిని బట్టి ఒకచోట బతుకు, ఇంకోచోట బేరం.

కారు ఇచ్చాను. బేరగాడు చెప్పిన దానికంటే తక్కువకే ఇచ్చాను. నాలుగు చక్రాలకు కొత్త టైర్లు వేయించి, వెనక సీటు బెల్టులు బిగువుగా ఉన్నాయో లేదో చూసి, పిల్లలకు కూడా కట్టుకోవడం నేర్పి ఇచ్చాను. పెద్ద రోడ్డు మీద అరవై దాటవద్దని మాట తీసుకున్నాను. నిలబెట్టుకుంటాడో లేదో తెలియదు. నియమం చేయవలసిన పనిని ఒక ముసలి పంతులు మాట తీసుకుని చేయలేడని నాకూ తెలుసు.

వారం తరువాత ఆ కారు మళ్ళీ మా వాకిట్లోంచి పోయింది. ముందు బిళ్ళ అలాగే ఉంది. వెనక అద్దం మీద, పడవల మీద రాయించినట్టే, ఇద్దరు ఆడపిల్లల పేర్లు పెద్ద ఎర్ర అక్షరాలతో రాయించాడు. ఒక ఒత్తు తప్పు పడింది. చదువు చెప్పినవాణ్ణి కనుక పిలిచి చెబుదామనుకుని, మానుకున్నాను.

మిత్రమా, ఇదీ నీ మాటకు నా జవాబు. కాదంటే వ్యాఖ్యల పెట్టె తెరిచే ఉంది. మళ్ళీ వస్తే మజ్జిగ ఇస్తాను. ఒంగోలులో కొత్తపట్నం బస్టాండు దాకా రా, అక్కడి నుంచి తీసుకురావడానికి ఆ డాట్సన్‌నే పంపమంటాను. వెనక కూర్చున్నా బెల్టు కట్టుకో.